ఐ మ్యారీ, యూ మ్యారీ, రెండు వందల కాపీలు

తప్పు ఎవరిదో ఐదింటిలోగా పేరు చెప్పకపోతే రేపటినుంచి ఆరో తరగతి క్లాసు నీది కాదని ప్రిన్సిపల్ తేల్చేశాక టీచరమ్మ ఇక ఆగలేదు. తప్పు అచ్చయిన కాగితాన్ని పిడికిట్లో నలిపి పట్టుకుని, రెండు వీధులు దాటి ప్రెస్సులోకి దూసుకొచ్చింది.

కంప్యూటర్ ముందు అక్షరాలు కూరుస్తున్న కంపోజర్ నవ్వుతూ లేచాడు. ఆ నవ్వు చూడగానే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆమె రాసిచ్చింది ‘వర్క్’ అనే క్రియ. ఐ వర్క్, యూ వర్క్, హీ వర్క్స్ అని ఆరో తరగతి పిల్లలు వల్లె వేయాల్సిన వర్తమానకాలం పట్టిక. అచ్చయి వచ్చింది మాత్రం ఐ మ్యారీ, యూ మ్యారీ, హీ మ్యారీస్, షీ మ్యారీస్, వుయ్ మ్యారీ. పొద్దున ఆమె స్కూలుకు వచ్చేలోపే ఆఫీసువాళ్లు రెండు వందల కాపీలూ పంచేశారు. మధ్యాహ్నానికల్లా పిల్లల తల్లిదండ్రులు గేటు దగ్గర బారులు తీరారు. పదకొండేళ్ల మావాడికి అప్పుడే సంబంధాలు చూస్తున్నారా అని ఒకావిడ స్టాఫ్ రూములోకే వచ్చి నిలదీసింది.

"ఐదింటిలోగా తప్పెవరిదో పేరు చెప్పకపోతే నా క్లాసు తీసేస్తారట. నా ఉద్యోగంతో ఆడుకోడానికి మీరెవరండీ?" అంది టీచరమ్మ.

కంపోజర్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. తడబడుతూ సొరుగులోంచి, అచ్చుకు ముందు ఆమె సరిచూడ్డానికి ఇచ్చిన ప్రూఫ్ తీసి బల్లమీద పెట్టాడు. అదే పట్టిక. కింద ఆమె సంతకం, శుక్రవారం తేదీతో సహా.

"ఇది మీ ఒక్కరి కోసం పెట్టిందండీ. ఎదురుగా అడిగే ధైర్యం లేక ఇలా అడిగాను. ఇష్టం లేకపోతే పెన్నుతో కొట్టేస్తారనుకున్నా. మీరు సంతకం పెట్టారు. మూడు రోజులుగా నా కాళ్లు నేలమీద లేవు."

పాత క్రియ మళ్లీ ఎక్కించాకే అచ్చు వేయాలనుకున్నాడట. ఈలోగా ప్రెస్సు నడిపే వాళ్ల నాన్న ప్రూఫ్ చూశాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. సంతకం పడితే మిషన్ ఎక్కించాల్సిందే అన్నది మాత్రం ముప్పై ఏళ్లుగా ఆయన తప్పని రూలు.

"పెళ్లి అడిగే పద్ధతేనా ఇది?"

"చదవకుండా సంతకం పెట్టే పద్ధతి మాత్రం బాగుందా?" ఈసారి అతనికీ రోషం వచ్చింది. "కామా జారితే అరగంట క్లాసు పీకుతారు. ఆరోజు అసలేం చూశారండీ?"

టీచరమ్మ ప్రూఫ్ కింద ఉన్న తన సంతకాన్ని చూసింది. శుక్రవారం అతను చొక్కా చేతులు మడిచి, మిషన్‌లో ఇరుక్కున్న కాగితాన్ని పాపాయిని ఎత్తుకున్నంత పదిలంగా బయటికి తీస్తున్నాడు. ఆమె పెన్ను కాగితం మీద ఉంది. కళ్లు లేవు.

ఫోను మోగింది. ప్రిన్సిపల్.

"నా పేరు చెప్పేయండి," అన్నాడు కంపోజర్ గొంతు తగ్గించి. "మీ స్కూలు అచ్చుపని మాకు పోతే పోనీ, ఇంకో స్కూలు చూసుకుంటాం. మీ క్లాసు పోకూడదు."

ఆమె అతనికేసి కొరకొరా చూసింది. ఇంత చేసి, ఇప్పుడీ మంచితనం ఒకటి. ఆమె ఫోనెత్తగానే, తప్పు ఎవరిదో పేరు చెప్పమని ప్రిన్సిపల్ గద్దించాడు.

"నేనే సార్," అంది టీచరమ్మ. "ప్రూఫ్ చూడాల్సిన టైములో కంపోజర్ని చూస్తూ నిలబడ్డాను."