కాపలా వలయం

2090 నాటికి, కాకినాడ తీరానికి దూరంగా సముద్రగర్భపు గనుల మీద తేలుతున్న ఆ ఊళ్ళో గుండెపోటు అన్న మాటే పిల్లలకు తెలియదు. ఆస్పత్రిలో గుండె విభాగం మాత్రం రోజూ కిటకిటలాడుతూనే ఉంది. ఎందుకో డాక్టర్ లాస్యకు అర్థమయ్యేది కాదు.

పూడుకుపోయిన గుండె రక్తనాళంలో స్టెంటు పెట్టి తెరవడం పాత వైద్యమే. చిక్కల్లా ఆ తర్వాతే. గాయపడిన నాళపు గోడ మానే తొందరలో కణాలను మితిమీరి పెంచుకుని, తెరిచిన దారిని మళ్ళీ ఇరుకు చేసేది. వెనకటి రోజుల్లో సన్నని తీగతో లోపలికి రేడియేషన్ పంపి ఆ పెరుగుదలను ఆపేవారు. అయితే ఆ కిరణాలు గాయాన్ని కూడా సరిగా మాననిచ్చేవి కావు. రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉండిపోయేది. లాస్య వయసంతా ధారపోసి తయారుచేసిన 'కాపలా వలయా'నికి గాయం మానడానికీ, కణాలు అతిగా పెరగడానికీ తేడా తెలుసు. స్టెంటుతో పాటే లోపల ఉండి, మానే పొరను వదిలేసి, అతిగా పెరిగే కణాల మీదే బీటా కిరణాలను వదులుతుంది. అవి నాళపు గోడ దాటి పోవు. వలయం పెట్టిన నాళం మళ్ళీ మూసుకుపోలేదు. ఒక్కరిలోనూ.

ఆ ఉదయం వచ్చినవాడు యశ్వంత్. అరవై దాటిన క్రేన్ ఆపరేటరు. ఛాతీలో నొప్పంటూ ఈ మధ్య తరచుగా వస్తున్నాడు.

"నాళం పూర్తిగా తెరిచి ఉంది. నొప్పికి కారణం కనబడలేదు," అంది ధమని. పరీక్షలు చేసే యంత్రం పేరది.

లాస్య కళ్ళు నులుముకుంది. "నిజం చెప్పండి యశ్వంత్ గారూ. నొప్పుందా?"

అతను తల దించుకున్నాడు. "లేదండి. ఆ వలయాన్ని కొన్నాళ్ళు ఆపుతారేమో అడుగుదామని వచ్చానండి."

"ఆపితే మళ్ళీ పూడుకుపోవచ్చు. ప్రాణం మీదికొస్తుంది."

"ఆయ్, తెలుసండి. పూడితే పడుకోనిత్తారు కదండీ." అతని గొంతులో నిద్ర పలుకుతోంది. "మా నాన్నకి స్టెంటేసినప్పుడు తేలిక పని ఇచ్చారండి. ఇప్పుడు వలయం ఉన్నోడి గుండెకి ఢోకా లేదని రెండు షిఫ్టులూ మాకే ఏత్తన్నారండి. కుర్రాళ్ళ గుండెకి గ్యారంటీ లేదంట, ఆళ్ళని ఇంటికి పంపేత్తన్నారు. మొన్న క్రేన్లో కునుకొచ్చేసిందండి. కొక్కెం ఓ మనిషి నెత్తి మీదికి దించేసేవోణ్ణే."

లాస్య లేచి తలుపు దగ్గరికి నడిచింది. అద్దం తలుపులోంచి బయట బల్లల మీద ఉన్నవాళ్ళను చూసింది. అందరి గుండెల్లోనూ తన వలయమే. చాలామంది కూర్చునే నిద్రపోతున్నారు.

గనుల మేనేజరు భార్గవ్‌కు ఫోన్ చేసింది. "యశ్వంత్ గారికి విశ్రాంతి కావాలండి."

"రిపోర్టులో ఏమైనా తేడా ఉందా మేడమ్?"

"లేదు. మనిషి అలసిపోయాడు."

"అలసట ఎవరికి లేదు మేడమ్? మీ వలయాన్ని నమ్ముకునే కదా షిఫ్టులు వేసుకున్నాం," అని పెట్టేశాడు.

ఆమె యంత్రం వైపు తిరిగింది. మెల్లగా అంది: "ధమనీ, నమోదు చేసి గనుల ఆఫీసుకి పంపు. కాపలా వలయానికి ఏటా ఒక నెల విశ్రాంతి అవసరం. ఆ నెలంతా దాన్ని మోస్తున్న మనిషి పని చెయ్యకూడదు."

"అలాంటి అవసరం నా సమాచారంలో లేదు డాక్టర్. వలయం అలసిపోదు."

"అలసిపోతుంది. చేసినదాన్ని నేను. నాకు తెలుసు."

ఇన్నేళ్ళ పరిశోధనలో ఆమె చెప్పిన మొదటి అబద్ధం అది. యశ్వంత్‌కు వార్డులో మంచం ఇప్పించింది. దుప్పటి కప్పేలోపే అతను నిద్రపోయాడు.

మధ్యాహ్నం భార్గవే ఫోన్ చేశాడు. గొడవకు సిద్ధపడే తీసింది లాస్య.

"ఆ మాట పొద్దున్నే చెప్పొచ్చు కదా మేడమ్! పరికరానికి విశ్రాంతి కావాలంటే ఇవ్వకుండా ఉంటామా? పాడైతే బాధ్యత ఎవరిది? వలయం ఉన్నవాళ్ళందరికీ వంతులవారీగా సెలవు వేసేశాను."

లాస్య ఫోన్ పట్టుకుని గోడకు ఆనుకుంది. అతను మాత్రం పెట్టెయ్యలేదు. గొంతు తగ్గించి అన్నాడు:

"మేడమ్... నాకూ వలయం ఉందండీ. నాది బాగా అలసిపోయినట్టుంది."