బాలేకి కథ చెప్పిన యల్లమంద

"బైబిల్లో హేరోదియ కూతురు రాజు ముందు నాట్యం చేసి, బహుమానంగా యోహాను తల అడిగింది. నువ్వేం అడుగుతావో ఏందో," అన్నాడు పున్నయ్య మాస్టారు, కాలేజీ వార్షికోత్సవానికి కూతురు గజ్జెలు సర్దుకుంటుంటే.

సలోమికి నవ్వు రాలేదు. రేపు మాచర్ల నుంచి పెళ్లిచూపులకు వస్తున్నారు. తబలా వాయించే దేవానందం సంగతి నాన్నకు చెప్పాలని రోజూ నోరు తెరుస్తోంది, మంచినీళ్లు తాగి మూసుకుంటోంది. దేవానందమూ అంతకన్నా ధైర్యవంతుడేం కాదు. మాస్టారు ఎదురైతే సైకిలు దిగి, ఆయన వీధి మలుపు తిరిగేదాకా చెయినుకు లేని జబ్బు వెతుకుతాడు.

నరసరావుపేట కాలేజీలో ఆ ఏడు బాలే వేస్తున్నారు. మద్రాసు నుంచి కొత్తగా వచ్చిన లెక్చరరమ్మ ఆలోచన. దేవానందం తబలా తప్ప పాట లేదు, మాట లేదు. పాత మూకీల్లో మాదిరి అంతా మొహంలోనే కనపడాలి. వాన కోసం ఎదురుచూసే పల్లెపడుచు కథ. ఆ పడుచు సలోమి.

తెర లేచిన కాసేపటికే వెనక బెంచీల్లో ఈలలు.

"కథేందో చెప్పండయ్యా."

ప్రిన్సిపాలుగారు కంగారుపడి, జనంలో ఉన్న ముసలి యల్లమందను స్టేజీ పక్కకు పంపారు. డేరా సినిమాల రోజుల్లో తెర పక్కన కర్ర పట్టుకుని మూకీలకు కథ చెప్పిన మనిషి. ఈ కథేమిటో ఆయనకెవరూ చెప్పలేదు. ఆ రోజుల్లోనూ ఎవరూ చెప్పేవారు కాదు. మొహాలు చూసి చెప్పేవాడు.

"ఈ పిల్ల చానా దిగులుగా ఉంది," మొదలెట్టాడు. "వాన కోసమా? వానకైతే పైకి చూడాలిగా. తబలా అబ్బాయి వంక చూస్తంది. ఇంట్లో చెప్పలా. భయం."

ఆట ఆపితే సలోమి ఒప్పుకున్నట్టు. ఆపకపోతే ఈ పాడు మొహం మిగతాదీ చెప్పేస్తుంది. చేతుల్లో మొహం దాచుకుంది.

"సిగ్గుపడింది," అన్నాడు యల్లమంద.

తబలా ఆగిపోయింది. ముందు వరసలో పున్నయ్య మాస్టారు లేచి నిలబడ్డాడు.

"యల్లమందా, ఆ అబ్బాయి మొహంలో ఏముందో చూడు."

"చెమట, మాస్టారూ."

"అది నాకూ కనపడతంది. ఇంకా?"

యల్లమంద వంగి చూశాడు. "మిమ్మల్ని చూస్తే పారిపోవాలనుంది. పిల్లను చూసి కూర్చునున్నాడు."

మాస్టారు స్టేజీ అంచుకు వచ్చి గొంతు తగ్గించాడు. "ఆయన చెప్పింది నిజమేనా అమ్మా?"

సలోమి అవునన్నట్టు తల ఊపింది.

"హేరోదియ కూతురే నయం. తల ఒక్కటే అడిగింది. నువ్వు మనిషిని మొత్తం అడుగుతున్నావు." మాస్టారు కండువాతో కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "మాచర్లోళ్లకు రావద్దని పొద్దున్నే కబురు పెడతాలే."

తర్వాత తబలా వైపు తిరిగాడు.

"ఏందబ్బాయ్, చూస్తా కూర్చున్నావు? వాయించు. వాన ఇంకా పడలా."