మూలమంచం చలి

మా తాతగారు తాతబ్బాయిగారు కలరా గత్తర నాళ్లలో ఎవరూ ముట్టని శవాలకు దగ్గరుండి దహనం చేయించారు. మా అమ్మ చిన్నమ్మలుగారు చెరకు పల్లెలలో అడిగినవారికల్లా పురుళ్లు పోశారు. వారి ఇంట పుట్టిన నేను దెయ్యాలకు జడవనని గర్వపడేదానను.

అనకాపల్లిలో పాత బెల్లం గోదామును మార్చి కట్టిన ఒక ఆసుపత్రి ఉండేది. అందులో ఐసీయూ మూలనున్న మంచానికి చెడ్డపేరు. అక్కడ పడుకొన్నవారికి మూడవ రాత్రికల్లా చలి పుట్టుతుందట... పళ్లు టకటక కొట్టుకొంటాయట... ఎవరో చేయి పట్టి లాగుతారట!

2008 వానలలో మా చెల్లెలు కనకమహాలక్ష్మిని ఆ మంచం మీదనే పడుకోబెట్టారు. కడుపులో చీము. సూది గుచ్చడానికి చేతులలో నరమే మిగలలేదు. వైద్యుడు దండచేతిలోని నరం గుండా సన్నని గొట్టాన్ని గుండె దగ్గర వరకు పంపి, పైన గుడ్డ వేసి పట్టీ అంటించాడు. దానిని పిక్ లైన్ అన్నారు.

“మందు వెళ్లే దారి ఇదొక్కటే. జాగ్రత్త” అన్నాడు.

అంతకు ముందు ఆ మంచం మీదనే వణికి, వేరే గదికి మారిన గంగన్న భార్య కొండలమ్మ వరండాలో నా చెవి దగ్గరకు వచ్చింది.

“అమ్మగారూ... ఆ మూల గోదాం సావుకారు తిరుగుతాడంట. అమ్మోరి పసుపు ఆ గొట్టం కాడ రాసెయ్యండి. డాట్రుకి సెప్పకండి, తిడతాడు.”

“మీ ఆయనకు రాశావా?”

“రోజూ రాసేను! అయినా ఆ సావుకారు ఒగ్గలేదు, సచ్చినోడు.”

ముఖం చిట్లించాను. అయినా ఆమె చాచిన పసుపు పొట్లం పుచ్చుకొన్నాను.

మూడవ రాత్రి... మంచం కదిలింది.

“అక్కా... ఎవరో చెయ్యి పట్టుకొన్నారే...”

చెల్లెలి పళ్లు టకటక... టకటక... నర్సు జ్యోతిలక్ష్మి పరుగున వచ్చి పట్టీ ఊడదీసింది.

గుప్పుమని కంపు! కుళ్లిన మాంసపు కంపు. పసుపూ చీమూ కలిసి ముద్ద కట్టి, గొట్టం చుట్టూ జిగురుగా సాగుతున్నాయి. ఆ ముద్ద నడుమ ఒక వెంట్రుక... తెల్లనిది, నాది. నర్సు నా వైపు తిరిగింది.

“ఏటండీ ఇది? గంగన్నగారికీ ఇలాగే సేసేరు. ఈ మూల మా బల్లకి కనబడదని అందరూ ఇక్కడే రాత్తారు. గొట్టం గుండె కాడికి ఎల్తాది, ఈ కుళ్లూ దాంతోనే ఎల్తాది. దెయ్యమంట, దెయ్యం!”

ఆ గొట్టం తీసివేశారు. రెండవ చేతికి మరొకటి వేసేలోగా చెల్లెలికి రెండు మార్లు స్పృహ తప్పింది. ఇరవై రోజులకు కోలుకొని ఇల్లు చేరింది. నా చేతులను ఎన్నిసార్లు కడిగినా ఆ కంపు పోలేదు.

నేను ఇతరులకు అందించినది కూడ చెప్పవలెను. అటువంటి గొట్టమే వేయించుకొన్న పక్కమంచం ఈశ్వరరావుగారి కోడలికి, రెండవ నాడే, ఆ పసుపులో సగం ఇచ్చాను. పట్టీ కొస ఎలా ఎత్తవలెనో చూపించాను. డాక్టరుకు చెప్పవద్దన్నాను. మూడవ నాటి ఉదయం, ఇది బయటపడక ముందే, ఆయనను విశాఖకు తీసుకొనిపోయారు. ఏ ఆసుపత్రికో నేను అడగలేదు.