వెనక నుంచి చెప్పే మాట

ఆ శుక్రవారం పొద్దున్నే గురునాథం స్నానం చేసి వచ్చేసరికి భార్య అరుణకుమారి ఇంట్లో లేదు. గుమ్మం పక్కన తగిలించే సంచీ కూడా లేదు. తడి ఒంటిమీదే చొక్కా తగిలించుకుని, వాళ్ళుండే అండమాన్ దీవిలోని బాంబూఫ్లాట్ సందులోకి పరుగెత్తాడు.

ఏడాదిగా ఆమెను ఒంటరిగా బజారుకి పంపిన పాపాన పోలేదతను. సునామీ తర్వాత సహాయ శిబిరంలో పట్టుకున్న జ్వరం అరుణ వినికిడిని పూర్తిగా తినేసింది. తన గొంతు తనకే వినబడక, నెలలు గడిచేకొద్దీ ఆమె మాట ముద్దయిపోయింది. ఆ సంగతి ఆమెకి తెలియనివ్వకూడదని పెద్ద తెలివైనవాడిలా గురునాథం ఒక ఉపాయం కనిపెట్టాడు. ఎక్కడికెళ్ళినా ఆమె వెనకే నిలబడి, అడిగిందేమిటో దుకాణంవాడికి తనే చెప్పేవాడు. కానీ సోమవారం ఆమె మళ్ళీ బడిలో టీచరుగా చేరబోతోంది. ఒకటో తరగతి పిల్లల ముందు ఈ నాటకం ఎలా సాగుతుందో తలచుకుంటే అతనికి కంటిమీద కునుకు లేదు.

సందు చివర చేపల యర్రమ్మ గంప ముందు కూర్చుని బిక్కమొహం వేసింది.

"ఏటంతన్నారో నాకు బోదపడ్డం నేదు మేష్టరమ్మా! సారు రానేదేటి?" అంటూనే అరుణ తల మీదుగా చూసి, "ఇదిగో, వచ్చేసినారు!" అంది.

అరుణ మళ్ళీ అడిగింది. ఆ ముద్దమాట గురునాథానికి అలవాటే.

"అరకేజీ సుర్మాయి. ముక్కలు కొట్టివ్వమంటోంది," అన్నాడు.

యర్రమ్మ చూపు ఎటు పోయిందో అటు అరుణ గిర్రున తిరిగింది. కదులుతున్న అతని పెదాలు ఆమె కంటబడ్డాయి.

చేప కొనకుండానే ఇంటికొచ్చి, ఇంట్లోవాళ్ళు తనకి మాటలు రాసి చూపించే పలక అతని ఒళ్ళో పడేసింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా నా వెనక నిలబడి చెబుతున్నారు?"

'ఏడాది' అని రాశాడు. కింద 'నువ్వు బాధపడతావని' అని రాయబోతుంటే తొమ్మిదో తరగతి చదివే కూతురు హేమమాలిని పలక లాక్కుంది.

"అది కాదు నాన్నా, డాక్టర్ మీకు చెప్పింది రాయండి! వినబడనప్పుడు నాలుక ఎక్కడ తగులుతోందో ఆ స్పర్శనే పట్టుకోవాలన్నారు. తప్పు పలికితే ఇంట్లోవాళ్ళు అప్పటికప్పుడు చెప్పాలన్నారు. మీరు అమ్మకి చెప్పనే లేదు!"

"మాట కూడా పోతోందని ఏ నోటితో చెప్పనే?"

హేమ అంతా రాసి తల్లికి చూపించింది. అరుణ రెండుసార్లు చదివింది.

"నా చెవులు సునామీ తీసుకుపోయింది. నాలుక మీరు తీసుకుపోతారా? సోమవారం పిల్లలు నవ్వితే గాని నాకు తెలిసేది కాదు కదండీ!"

అవతలి ఒడ్డున ఫీనిక్స్ బే రేవు టికెట్ కౌంటర్‌లో డ్యూటీకి వెళ్ళాల్సిన గురునాథం ఆ రోజు ఫెర్రీ ఎక్కలేదు. అరుణ పాత హాజరు పట్టీ తెచ్చి అతని ఎదురుగా కూర్చుంది. మొదటి పేరు చదివి అతని మొహంలోకి చూసింది. అలవాటుగా అతను బాగుందన్నట్టు తలూపాడు.

"నాన్నా!" అని అరిచింది హేమ.

సిగ్గుతో చచ్చిపోయాడు గురునాథం. కళ్ళనీళ్ళు జలజలా రాలాయి.

"ఏడవడం తర్వాత. సరిగ్గా వచ్చిందా, లేదా?" అంది అరుణ.

"రాలేదు," అన్నాడు తల అడ్డంగా ఊపుతూ.

ఆమె నోట్లో వేలు పెట్టుకుని, నాలుక కొస పళ్ళ వెనక ఎక్కడ ఆనాలో తడిమి చూసుకుంది. మళ్ళీ పలికింది. రాలేదన్నాడు. మళ్ళీ పలికింది. రాలేదన్నాడు. ఏడాదిలో మొదటిసారి భర్త తనకి నిజం చెబుతున్నాడన్న నమ్మకం కుదిరి, అరుణ అదే పేరు మళ్ళీ మొదలుపెట్టింది.