పెట్టె మూతలో బంగారమ్మ

"మా మామ్మని సంపేసింది మీరేనా?"

కాశీబుగ్గలో మా జీడిపప్పు కొట్టు గుమ్మంలో నిలబడి ఆ అమ్మాయి నాతో అన్న మొదటి మాట అది. అప్పుడు నేను కాటా మీద పప్పు తూస్తున్నాను. సగం కింద ఒలికింది.

బయట వాన. మనిషి నిలువునా తడిసిపోయింది గానీ కోపం మాత్రం పొడిగానే ఉంది.

"నేనా? ఎవరినండీ?"

ఫోను నా ముఖం ముందు పెట్టింది. చూస్తే నా ఇన్‌స్టా పేజీయే. 'వీళ్ళెవరో' అని దాని పేరు, కింద మా కొట్టు అడ్రసు. పాత ఇనుప సామాన్ల కొట్లలో దొరికిన ఫోటోలు అందులో పెడుతుంటాను. కుర్చీ అంచున బిగుసుకుని కూర్చున్న పెళ్ళికొడుకులు, స్టూడియో పూలకుండీ పక్కన బెదిరిపోయి నిలబడ్డ పిల్లలు... ఫోటో దిగాక వాళ్ళు ఏం మాట్లాడుకుంటూ ఇంటికెళ్ళారో ఊహించుకోవడం నాకు పిచ్చి. మా అమ్మ మాత్రం దాన్ని పనిలేకపోవడం అంటుంది.

ఆ అమ్మాయి చూపించిన ఫోటోలో, రెండు పక్కలా ముక్కుపుడకలతో ఒక పడుచు. ఫోటో మీద నుదుటి దగ్గర నిజం కుంకుమ. కింద నేను రాసిన వాక్యం: 'ఈ తల్లి ఎవరో, ఆత్మకు శాంతి కలగాలి.' దాని కింద బోలెడన్ని ఓం శాంతులు.

"ఫోటోకి బొట్టుంది కదండీ. పోయినవాళ్ళకే కదా పెడతారు?"

"బతికే ఉన్నాది! నిన్న వాకిట్లో సేపలు తోముతుంటే సంతబొమ్మాళి నుంచి మా సుట్టాలు ఆటో కట్టించుకుని ఏడుస్తా వచ్చీసినారు. మామ్మ లేచి నిలబడితే మా పెద్దత్త కళ్ళు తిరిగి పడిపోనాది."

నవ్వు ఆపుకున్నాను. ఆపుకున్నాననే అనుకున్నాను.

"నవ్వుతన్నారా?"

"లేదండీ."

"పళ్ళు కనిపిస్తన్నాయి."

వెంటనే పోస్టు తీసేసి క్షమించమన్నాను. అయినా ఆమె వెళ్ళలేదు. గొంతు తగ్గించింది.

"ఆ ఫోటో మీకెక్కడ దొరికింది? పెళ్ళయిన కొత్తలో టెక్కలి స్టూడియోలో మా తాత తీయించినాడంట. అది పట్టుకుని గుజరాత్, వీరావల్ సేపల బోట్ల మీదికి ఎల్లినాడు. తిరిగొచ్చి, సముద్రంలో పడిపోనాదని సెప్పినాడు. తాత పోయినా ఆ గొడవ పోలేదు. ఇప్పుడీ బొట్టు సూసి మామ్మ నిన్నటి నుంచి అన్నం ముట్టడం లేదు."

"బొట్టుకీ అన్నానికీ ఏమిటండీ?"

"పెళ్ళాం సచ్చిపోనాదని అక్కడోళ్ళకి సెప్పి, ఇంకోదాన్ని కట్టుకున్నాడని మామ్మ అనుమానం. లేపోతే బతికున్న మనిషి ఫోటోకి బొట్టెందుకెడతాడు?"

నా నవ్వు ఎగిరిపోయింది. సరదాకి పెట్టిన ఒక్క ఫోటో ఒక ముసలమ్మ కాపురం మొత్తాన్నీ అబద్ధం చేసేసింది. చాలా సిగ్గేసింది.

"ఇలా రండి," అని లోపలికి తీసుకెళ్ళాను.

అక్కడ మా అమ్మ జీడిపప్పు పోసుకున్న ట్రంకుపెట్టె ఉంది. పాత సామాన్ల కొట్లో నేను కొన్నదే. నీలం రంగు, ముందువైపు తెల్లరంగుతో చేప బొమ్మ. అది చూడగానే ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"తాత పెట్టె! తాత పోయాక, తుప్పు పట్టిందని మా నాన్న అమ్మీసినాడు. తాతుండగా దీనిమీద ఎవుల్నీ సెయ్యెయ్యనిచ్చేవోడు కాదు."

మూత తెరిచాను. లోపల గంగమ్మ తల్లి క్యాలెండరు బొమ్మ. పై అంచు మాత్రమే అంటించి ఉంది. పైకెత్తితే, కింద ఆ పడుచు ముఖం.

ఆమె బొమ్మను మెల్లగా కిందికి దించింది.

"ఇది మామ్మ సూడాలి," అంది.

అమ్మ గొణుక్కుంటూ పప్పు బుట్టలోకి మార్చింది. నేను బండి తీశాను.

"మీ పేరు?"

"ఝాన్సీలక్ష్మి. బారువలో పిల్లల బడిలో టీచర్ని."

"పేరుకు తగ్గట్టే వచ్చారు."

"మీది?"

"చిట్టిబాబు."

"అసలు పేరు సెప్పండి."

"అసలైనా సర్టిఫికెట్లో అయినా అదేనండీ."

అప్పుడు నవ్వింది. నా బండి మీద మొదటిసారి ఒకమ్మాయి ఎక్కితే, మా ఇద్దరి మధ్యా ట్రంకుపెట్టె! మందస దాటేసరికి వాన పెద్దదైంది. కొబ్బరితోటల పొడుగునా ఆమె తన చున్నీ పెట్టె మీద కప్పి పట్టుకుంది. తను తడిసింది, నేనూ తడిశాను.

బారువలో వాళ్ళింట్లో మామ్మ, బంగారమ్మ, గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. పెట్టెను ఓరగా చూసింది.

"ఆడి పెట్టా? అవతల పారెయ్."

"ఒక్కసారి సూడే మామ్మా."

ఝాన్సీ మూత తీసింది. గంగమ్మ బొమ్మను పైకెత్తింది. ముసలమ్మ వంగి, ఫోటో మీద బొట్టును వేలితో తడిమింది. కుంకుమ పొర మీద పొరగా గట్టిపడి ఉంది. ఆ తర్వాత బొమ్మను కిందికి దించి, గంగమ్మ నుదుటిని తడిమింది. అక్కడా అంతే మందం, అదే కుంకుమ.

"గంగమ్మకి బొట్టెట్టందే బోటెక్కేవోడు కాదు," అంది మెల్లగా. "అమ్మోరికి ఎట్టిన సేత్తోనే... నాకూ ఎట్టినాడు."

"మరి ఫోటో సముద్రంలో పడిపోనాదని ఎందుకు సెప్పినాడే?"

"సిగ్గే గుంటా. నలుగురిలో నా పేరే పలికేవోడు కాదు. పెళ్ళానికి దండమెట్టుకుంటన్నానని నోరిప్పి సెప్తాడేటి!"

అని పెట్టెను పట్టుకుని తిట్టడం మొదలెట్టింది. "ఓరి సచ్చినోడా! ఒక్కపాలి సెప్తే నీ సొమ్మేటి పోనురా?" తిడుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. చివరికి ముక్కు చీదుకుని, "అన్నమెట్టండి, ఆకలేస్తన్నాది. ఈ గుంటడికీ ఎట్టండి," అంది.

పెట్టె అక్కడే ఉంచేశాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం జీడిపప్పు పొట్లంతో మామ్మను చూడ్డానికి వెళ్ళాను. మామ్మకి పళ్ళు లేవు. పొట్లం ఝాన్సీ తినేది.

ఒక ఆదివారం మళ్ళీ వాన. అరుగు మీద ఇద్దరమే ఉన్నాం. మూతలో దాచుకుని కూర్చుంటే ఏమవుతుందో కళ్ళారా చూశాను కదా, ధైర్యం చేశాను.

"ఝాన్సీ, నువ్వంటే నాకిష్టం."

నములుతున్నది ఆపింది. "ఎప్పటినుంచి?"

"పళ్ళు కనిపిస్తన్నాయి అన్నావు చూడు, అప్పటినుంచి."

వాన వైపు చూసింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. బ్యాగులోంచి చిన్న పాస్‌పోర్టు ఫోటో తీసి, నా వైపు చూడకుండానే చాపింది.

"ఇది ఉంచుకో. బొట్టు మాత్రం ఎట్టకు, మళ్ళీ ఆటో కట్టించుకుని వచ్చేత్తారు. పోగొట్టినావంటే సంపేత్తాను."

నేను చెయ్యి చాపేలోపు వెనకనుంచి మామ్మ ఆ ఫోటో లాగేసుకుంది.

"ఫోటోలిస్తే ఈ మగోళ్ళు పోనాదని సెప్తారే! మనిషినే తీసుకుపో, బాబూ. ముందు మీ అమ్మని బేగి రమ్మను."