సగం బొటనవేలు

ఇలియే బాలాన్‌ను చెట్టుతో చంపారు.

రుషావ లోయలో ఫారెస్ట్ గార్డు అతను. గాలికి కూలిన స్ప్రూస్ చెట్టు మీద పడిందని పోలీసులు రిపోర్టు రాసి, టోపీలు సర్దుకుని వెళ్లిపోయారు. గావ్రిల్ మోల్దొవాన్ ఆ మొద్దు ముందు ఐదు నిమిషాలు గొంతుక్కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు అడవిలో పనిచేసిన మనిషి. చెట్టు కొండ పైవైపుకు పడి ఉంది. ఏ చెట్టూ తనంతట తాను ఎత్తుకు పడదు. ఎవరో ఇనప తాడు కట్టి లాగారు.

శవానికి బూట్లు విప్పింది కూడా గావ్రిలే. ఎడమ బూటు అట్ట కింద మడిచిన కాగితం దొరికింది.

మూడు రోజుల తర్వాత, బ్రస్సెల్స్‌లో ఒక వేపుళ్ల కొట్టు పై అంతస్తులో, ఆ కాగితం మారెన్ టోఫ్ట్ బల్ల మీద ఉంది. అడవుల కోసం చట్టసభల చుట్టూ తిరిగే చిన్న సంస్థకు ఆవిడ చీఫ్. రుషావ నుంచి ఇలియే, గావ్రిల్ కబుర్లు పంపేది ఆవిడకే. డెన్మార్క్ మనిషి. అరవై మూడేళ్లు. నవ్వు దండగ ఖర్చని ఆవిడ అభిప్రాయం.

"చదువు," అంది.

"'గురువారం అరవై ఒకటి నెగ్గుతుంది. జాబితా మన చేతిలో ఉంది అన్నాడు క్రాల్.'"

"క్రాల్ ఎవరో నీకు చెప్పక్కర్లేదు."

చెప్పక్కర్లేదు. కలప సిండికేట్ నడిపేవాడు. నాలుగేళ్ల క్రితం రుషావ కుడి వాలును బోడిగుండు చేశాడు. ఆ వసంతంలో వానకు వాలు మొత్తం జారింది. గావ్రిల్ ఇల్లు దాని కింద ఉంది. ఇంట్లో అతని భార్య సలోమియా ఉంది. తవ్వి తీయడానికి రెండు రోజులు పట్టింది.

"దొంగ కలప యూరప్‌లో అమ్మకూడదని చట్టం. గురువారం స్ట్రాస్‌బర్గ్‌లో, యూరప్ పార్లమెంటులో దాని మీద ఓటు," అంది మారెన్. "అరవై ఒకటో సవరణ ఒకే వాక్యం. కలప ఎక్కడిదో అమ్మేవాడు చెప్పిన మాటే చాలు అని."

"దొంగనే సాక్షిగా పిలవడమన్నమాట. నెగ్గితే?"

"సోమవారం ఎడమ వాలు మీద రంపాలు మొదలు. యంత్రాలు వచ్చి కూర్చున్నాయి."

ఎడమ వాలు కింద నలభై ఇళ్లు. అందులో ఒకటి గావ్రిల్ కూతురు రోదికాది.

"లెక్క ప్రకారం అది ఓడిపోవాలి. మన వైపు పెద్ద పార్టీ ఒకటుంది, నూట అరవై మంది. అయినా నెగ్గుతుందని క్రాల్ అంటున్నాడంటే ఆ పార్టీ జాబితాలో ఎవరో చెయ్యి పెట్టారు."

"సభ్యులు చదువుకోరా మేడమ్?"

"ఒక్క పూటలో మూడు వందల ఓట్లు. ఎవడు చదువుతాడు? జాబితాలో ప్రతి నంబరు పక్కన ప్లస్సో మైనస్సో ఉంటుంది. ముందు వరసలో ఒకరు నిలబడి అది చూసి బొటనవేలు పైకో కిందకో చూపిస్తారు. వెనక వాళ్లు ఆ వేలు చూసి మీట నొక్కుతారు."

"గొర్రెలు నయం."

"గొర్రెలకు భోజనం టైమ్ ఉండదు," అంది మారెన్.

రెండు వేషాలు ఇచ్చింది. సామాన్లు మోసేవాడి నీలం ఓవరాల్. సభలో చీటీలు అందించే బంట్రోతుల నల్ల కోటు, దాని మీద వేసుకునే వెండి గొలుసు. తర్వాత డ్రాయర్లోంచి రబ్బరు బొటనవేలు తీసింది. గావ్రిల్ కుడి బొటనవేలు సగమే. పంతొమ్మిదో ఏట మిగతా సగం రంపం తీసుకుంది.

"లోపల రికార్డర్ ఉంది. ఎనిమిది గంటలు పనిచేస్తుంది. పోగొట్టకు."

"అసలుదే పోగొట్టినవాణ్ణి," అన్నాడు గావ్రిల్.

*

నెలకోసారి ఆ సభ సభంతా బ్రస్సెల్స్ నుంచి స్ట్రాస్‌బర్గ్‌కు కదులుతుంది. కాగితాలన్నీ ట్రంకుల్లో, ట్రంకులన్నీ లారీల్లో. ఎవరి ట్రంకు వాళ్లు గది బయట వదిలేస్తారు. అక్కడ అది గది ముందు తేలుతుంది. మధ్యలో ఎవరు మోశారో ఎవరికీ పట్టదు. అడవుల గురించి ఉపన్యాసాలు రాసేవాళ్లలో ఒక్కడు కూడా తన ట్రంకు తను ఎత్తి ఎరగడు.

సోమవారం గావ్రిల్ నూట ఇరవై ట్రంకులు మోశాడు. దుంగలెత్తిన నడుము తూకం తప్పదు. ఒక ట్రంకు మిగతావాటికన్నా నాలుగైదు కిలోలు ఎక్కువ. దాని మీద పేరు చూశాడు. ఇసోల్డ్ వెర్‌హాగన్.

మంగళవారం ఆమే అతని పక్కన కాఫీ కప్పుతో నిలబడింది. ముప్పై నాలుగేళ్లు. బూడిదరంగు సూట్, ఎర్రటి స్కార్ఫ్. ఆమె వస్తుంటే కారిడార్‌లో మాటలు ఆగుతాయి.

"ఈ ఏడు పుట్టగొడుగులు ఆలస్యమట," అంది మెల్లగా.

"వాన ఆలస్యమైతే అవీ ఆలస్యమే."

కోడ్ సరిపోయింది. మారెన్‌కు ఆ పార్టీ లోపలి వార్తలు చేరవేసే మనిషి ఇసోల్డే. జాబితా తయారుచేసేదీ, ముందు వరసలో వేలు చూపేదీ ఆమే.

"చాకలి మూట మోసేవాడిలా ఉన్నారు పెద్దాయనా. వేషం బాగా కుదిరింది."

"వేషం కాదమ్మాయ్. అదే నేను. దొంగ ఎవరు?"

"ప్రింట్ గదిలో ఒడిలాన్. బుధవారం సాయంత్రం మీటింగ్‌లో ప్లస్సులు, మైనస్సులు తేలతాయి. గురువారం పొద్దున అతను ప్రింట్ చేస్తాడు, ఆకుపచ్చ కాగితం మీద. పాత జాబితాలతో కలవకుండా. అతని మీంచి కళ్లు తీయకండి."

తీయలేదు. గురువారం ఉదయం ఎనిమిదికి ప్రింట్ గదిలో ఖాళీ అట్టపెట్టెలు ఎత్తుతూ నిలబడ్డాడు. ముసలి ఒడిలాన్ రెండు వందల కాపీలు తీశాడు. అరవై ఒకటి పక్కన మైనస్. గావ్రిల్ కళ్లారా చూశాడు. కట్టలు నేరుగా ఇసోల్డ్ చేతికి వెళ్లాయి.

"ఏంటయ్యా నా భుజం మీద ఊపిరి వదులుతున్నావ్ పొద్దుట్నుంచి?" అన్నాడు ఒడిలాన్. "పెళ్లి చేసుకుంటావా?"

పదకొండున్నరకు గావ్రిల్ తిరుగు లారీ కోసం ట్రంకులు తీయడానికి వెళ్లాడు. ఇసోల్డ్ ట్రంకు ఎత్తాడు. తేలిగ్గా లేచింది. లోపల కాగితాలు అలాగే ఉన్నాయి. సోమవారం నాటి నాలుగైదు కిలోలు మాత్రం లేవు.

మూత తీశాడు. అడుగున, తడికి అంటుకుపోయి, ఒక ఆకుపచ్చ కాగితం. గురువారం జాబితా. అరవై ఒకటి పక్కన ప్లస్.

బుధవారం తేలాల్సిన జాబితా సోమవారం ట్రంకులో వచ్చింది. సభ్యుల బల్లల మీదికి వెళ్లింది ఇదే. ఒడిలాన్ కాపీలు ఏ చెత్తబుట్టలో ఉన్నాయో ఇక వెతకక్కర్లేదు.

"నేనే మోసుకోవాల్సింది," అంది వెనక నుంచి ఇసోల్డ్. చేతిలో మళ్లీ కాఫీ కప్పు. "మా దగ్గర ఎవరూ మోసుకోరు. అలవాటు."

"పుట్టగొడుగుల కబురు క్రాల్‌కు కూడా చెప్పావా?"

"రెండేళ్లుగా. మీ మారెన్ నన్ను మెచ్చుకుంటుంది. అతను నా మాట వింటాడు. తేడా ఉంది కదా."

"ఇలియే?"

"అతను మారెన్ మనిషని క్రాల్‌కు చెప్పింది నేనే. చెట్టు సంగతి నాకు తెలీదు. అడగలేదు కూడా."

"కొండ కింద నలభై ఇళ్లున్నాయి."

"ఉంటాయి. కొండలున్న చోట ఉంటాయి." అతని చెయ్యి పట్టుకుంది, కరచాలనం చేస్తున్నట్టు. ఒక్క లాగుకు రబ్బరు వేలు ఊడివచ్చింది. "ఇది కొనిపెట్టిన రోజున మారెన్ పక్కన నేనున్నాను పెద్దాయనా." దాన్ని కాఫీలో వేసి, కప్పు కిటికీ గట్టు మీద పెట్టింది. తర్వాత గొంతు పెంచింది. "గార్డ్, ఈ మనిషి తాగి ఉన్నాడు. నా ట్రంకు తెరిచాడు."

గార్డు అతని బ్యాడ్జి తెంపి, సామాన్ల తలుపు గుండా బయటికి తోశాడు. టైమ్ పన్నెండు ఐదు. ఓటింగ్ మొదలైంది. మారెన్‌కు ఫోన్ చేసి, కిటికీ గట్టు మీది కప్పుతో సహా, నాలుగు ముక్కలు చెప్పాడు.

"గ్యాలరీలో ఉన్నాను. పార్టీ నాయకుడికి చేస్తున్నాను, ఎత్తడం లేదు," అంది మారెన్. "ఓటు వేళ ఎవరూ ఎత్తరు."

లారీ వెనక నల్ల కోటు తొడిగాడు. గొలుసు వేసుకున్నాడు. జుట్టు తడిచేసి దువ్వాడు. అదే తలుపుకు వచ్చాడు. అదే గార్డు. గొలుసు చూశాడు, మనిషిని చూడలేదు. తలుపు తీసి పట్టుకున్నాడు.

సభలో అధ్యక్షుడు నంబర్లు చదువుతున్నాడు. "యాభై ఏడు. ఓటు. ముగిసింది. తిరస్కరణ." ఒక్కోదానికి పది సెకన్లు. ముందు వరస పక్కన ఇసోల్డ్ నిలబడి ఉంది. వేలు పైకి, వేలు కిందికి. వెనక నూట అరవై మంది ఒక కన్ను గడియారం మీద, ఒక కన్ను ఆ వేలి మీద. ఆ ఊళ్లో అందరూ ఎదురుచూసే కాడకూర, తెల్ల ఆస్పరాగస్, కోతకు వచ్చిన వారం అది. బయట బల్లలు వేసి ఉన్నాయి.

గావ్రిల్ చీటీ రాశాడు. మడిచాడు. మెట్లు దిగాడు.

"యాభై తొమ్మిది."

పరుగెత్తకూడదు. బంట్రోతులు పరుగెత్తరు.

"అరవై. ముగిసింది. ఆమోదం."

చీటీ ఆమె ముందు పెట్టాడు, తల వంచి. ముఖం ఎత్తలేదు. ఇసోల్డ్ అలవాటుగా అందుకుని విప్పింది. క్రాల్ పట్టుబడ్డాడు. నీ పేరు చెప్పాడు. అంతే ఉంది అందులో. అది అబద్ధం. అయినా ఆమె రెండుసార్లు చదివింది.

"అరవై ఒకటి. ఓటు."

ఆమె చెయ్యి కిందే ఉంది. వెనక నూట అరవై ముఖాలు ఒక వేలు కోసం చూశాయి. గావ్రిల్ వాళ్లవైపు తిరిగి, కుడి చెయ్యి చాచి, మిగిలిన సగం బొటనవేలిని నేలకు చూపించాడు.

మీటలు నొక్కిన చప్పుడు.

ఇసోల్డ్ తలెత్తింది. చెయ్యి పైకి లేపింది.

"ముగిసింది," అన్నాడు అధ్యక్షుడు. తెర మీద అంకెలు వెలిగాయి. అనుకూలం మూడు వందల తొమ్మిది. వ్యతిరేకం మూడు వందల ఇరవై ఎనిమిది. "తిరస్కరణ. అరవై రెండు."

పొరపాటున నొక్కామని తర్వాత ఎవరైనా రాసిచ్చుకోవచ్చు. ఫలితం మారదు. అది ఆ సభ రూలు.

"నీ ముఖం ఒక్కడూ చూడలేదు," అంది ఇసోల్డ్, పళ్ల మధ్య నుంచి.

"నీదీ ఎప్పుడూ చూడలేదు అమ్మాయ్."

బయట మారెన్ ఇద్దరు పోలీసులతో నిలబడి ఉంది. ఆవిడ చేతిలో చల్లారిన కాఫీ కప్పు. అందులోంచి రబ్బరు వేలు తీసి, రుమాలుతో తుడిచి, పోలీసులకు ఇచ్చింది. "నీళ్లు దూరవు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు," అంది. నవ్వలేదు. ఇసోల్డ్ కారెక్కుతూ స్కార్ఫ్ సరిచేసుకుంది. క్రాల్ కోసం రుషావకు ఫోన్ వెళ్లింది. గావ్రిల్ కూతురికి చేశాడు. ఎడమ వాలు నిలిచిందని చెప్పాడు. సరే నాన్నా, కోళ్లకు మేత వేస్తున్నా, తర్వాత చెయ్ అంది.

భోజనానికి పోతున్న లావుపాటి సభ్యుడొకడు అతని కోటు చూసి ఆగాడు.

"ఏమయ్యా, ఇందాక అడవుల దానికి మనం ఎటు వేశాం?"

గావ్రిల్ సగం వేలు కిందికి చూపించాడు.

"అలాగా," అన్నాడు సభ్యుడు. "మంచి పనే చేసి ఉంటాం." ఆస్పరాగస్ అయిపోతుందేమోనని వేగంగా నడిచాడు.