సున్నాలు మింగిన రిపోర్టు

"ఈ తడి తువ్వాలు కుర్చీ మీద ఎవరు పడేశారు?"

ఎవరు పడేశారో కోడలికి తెలుసు. ఆ ఇంట్లో తువ్వాలు కుర్చీ మీద ఆరేసేది ఆడపడుచు చిట్టి ఒక్కతే.

"నేనే వదినా, తీస్తాలే. దీనికి కూడా ఎంక్వయిరీ కమిషనా?"

"నీకన్నీ నవ్వులాటే. తర్వాత ఎవరు కూర్చుని తడిస్తే నీకేం?"

"తువ్వాలుకి ఇంత రాద్ధాంతమేమిటే పొద్దున్నే?" అత్తగారు వంటింట్లోంచి తొంగిచూసింది.

రాద్ధాంతం తువ్వాలుది కాదు. కోడలు పాలపొడి ఫ్యాక్టరీ ల్యాబులో ఇన్‌చార్జి. ప్రతి బ్యాచిలో సూక్ష్మజీవులు ఎన్నున్నాయో పరీక్షించి కంప్యూటర్లో ఎక్కిస్తుంది. గోదాము సూపర్‌వైజరు ఆ రిపోర్టు చూసి మంచి బ్యాచిని లారీకెక్కిస్తాడు, చెడ్డదాన్ని పారబోయిస్తాడు. కొత్తగా పెట్టిన రిపోర్టుల సాఫ్ట్‌వేర్ చిట్టి కంపెనీది. అందులో ఈ రిపోర్టు పేజీ తయారుచేసింది కూడా చిట్టే.

పోయిన వారం రెండు బ్యాచిలు వచ్చాయి. ఒకదానిలో లెక్క తొమ్మిది వేల ఎనిమిది వందలు, రెండోదానిలో మూడు లక్షల పదివేలు. కోడలు అంకెలు పూర్తిగానే కొట్టింది. గడులన్నీ ఒకే వెడల్పులో ముద్దుగా ఉండాలని చిట్టి చేసిన ఏర్పాటు వాటిని 9.8E+03 అనీ, 3.1E+05 అనీ కుదించి చూపించింది. ఆ చివరి అంకెలోనే వేలూ లక్షలూ దాక్కుని ఉంటాయని సూపర్‌వైజరుకి ఎవరూ చెప్పలేదు. 3.1 చిన్నది కదా అని ఆ పొడిని పిల్లల హాస్టలుకి పంపి, 9.8 పెద్దదని నిక్షేపంలాంటి పొడిని మురిక్కాలవ పాలు చేశాడు. హాస్టలు పిల్లలు వాంతులతో ఆసుపత్రిలో పడ్డారు.

తప్పుడు అంకెలు ఎక్కించింది తానేనని కోడలు రేపటికల్లా సంతకం చేస్తే బదిలీతో సరిపెడతానన్నాడు మేనేజరు. లేదంటే ఉద్యోగం ఊడుతుంది.

"అంకె తప్పు కాదు వదినా. సైన్సులో అలాగే రాస్తారు. చదవడం రానివాడికి నేనేం చెయ్యను?"

"చదివేది సైంటిస్టు కాదు, బస్తాలు మోయించేవాడు! పూర్తి అంకె చూపించు తల్లీ అని ఈ ఇంట్లోనే నీకు చెప్పానా, లేదా?"

"చెప్పావు."

"నువ్వేమన్నావు?"

చిట్టి తడి తువ్వాలు అందుకుని మడత పెట్టసాగింది.

"సున్నాలు లెక్కపెట్టే కాలం పోయింది వదినా అని నవ్వావు. మీ అన్నయ్యా పగలబడి నవ్వారు."

"మధ్యలో నన్నెందుకు లాగుతావు?" పేపరు వెనకనుంచి భర్త గొంతు.

"నవ్వేటప్పుడు మధ్యలోకి మీరే వచ్చారుగా!"

అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఆ సంతకమేదో పడేస్తే పోదూ? నీకైతే బదిలీయే. అసలు సంగతి బయటపడితే దీని ఉద్యోగమే పోతుంది."

కోడలి ఒళ్ళు భగ్గున మండింది. "అంటే నా పేరు పోయినా ఫర్వాలేదా అత్తయ్యా? రేపు ఆ పిల్లల తల్లులు నన్ను నిలదీస్తే ఏం చెప్పను? మా ఆడపడుచుకి గడులు అందంగా కనిపించాలట, అందుకే మీ పిల్లలు మంచం పట్టారని చెప్పనా?"

కోడలు బ్యాగు అందుకుని, తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయింది.

రాత్రి అందరూ భోజనాలకి కూర్చున్నారు. ముందు కోడలే అంది.

"నేను సంతకం చెయ్యను. ఉద్యోగం పోతే పోనీ."

భర్త ఏదో అనబోయాడు. అంతలో చిట్టి తల ఎత్తింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"చెయ్యొద్దు వదినా. ఇవాళ ఆసుపత్రికి వెళ్ళాను. ఒక పిల్లకి నీళ్ళు కూడా కడుపులో నిలవడం లేదు. వాళ్ళమ్మ నన్ను నర్సనుకుని, తగ్గుతుందా అమ్మా అని చెయ్యి పట్టుకుంది." చిట్టి కళ్ళు తుడుచుకుంది. "పేజీ మార్చేశాను. ఇక పూర్తి అంకెలే కనిపిస్తాయి. నువ్వు ముందే చెప్పినా నేను వినలేదని మా బాసుకీ, మీ మేనేజరుకీ మెయిలు పెట్టాను. రేపు నీతో వస్తాను. ఆ మాటే అందరి ముందూ చెబుతాను."

"ఉద్యోగం పోతుందే!" అంది అత్తగారు.

"పోతే పోనీ అమ్మా. వదిన అనగా లేనిది నేను అనకూడదా?"

అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకుంది. "పొద్దున నేనన్న మాట తప్పమ్మా," అంది కోడలితో, కంచంలోకి చూస్తూ.

కోడలు కూర గిన్నె దగ్గరికి లాక్కుంది.

"నాకు కోపం ఇంకా తగ్గలేదు చిట్టీ."

"తగ్గించుకోకు వదినా. రేపు మేనేజరు దగ్గర అవసరం."

"ఏడింటికల్లా బయల్దేరాలి," అంది కోడలు కటువుగా, కూర చిట్టి కంచంలో వడ్డిస్తూ. "ఆలస్యం చేశావో, వదిలేసి పోతాను."